కలశం మీద బొద్దింక: విజయవాడ ఫ్లాట్‌లో రెండున్నర నెలలు నడిచిన ఒక కేసు

2023లో అధిక శ్రావణం వచ్చింది కాబట్టి వరలక్ష్మీ వ్రతం ఆలస్యంగా, ఆగస్టు 25న పడింది. మర్నాడు పొద్దున ఏడు కాకముందే నాకు ఫోన్. "పెస్ట్ కంట్రోల్ వాళ్ళేనా అండీ? ఇవాళే రాగలరా?" అని ఒకావిడ. ఏడ్చి ఊరుకున్న గొంతులా ఉంది.

ముందురోజు సాయంత్రం పేరంటానికి పదిహేను మందిని పిలుచుకున్నారట. హారతి ఇస్తుండగా అమ్మవారి పటం వెనకనుంచి ఒక బొద్దింక బయటికొచ్చి, కలశం మీది కొబ్బరికాయకు చుట్టిన రవికెల గుడ్డ మీదుగా పాకి, కింద తమలపాకుల్లోకి దూరిపోయింది. "ఎవరూ ఒక్క మాట అనలేదండీ. తాంబూలాలు తీసుకుని వెళ్ళిపోయారు. ఏదో ఒకటి అనేసినా బాగుండేది" అందావిడ.

విజయవాడలో నేనీ పని మొదలుపెట్టి పద్నాలుగేళ్ళు. ఫోన్ చేసిన వాళ్ళను మొదట అడిగేది ఒకటే: పెద్దవా, చిన్నవా?

"చిన్నవేనండీ, పిల్లలు. తల్లులు డ్రైనేజీలో ఉంటాయి కదా, అక్కణ్ణుంచి ఇవి పైకొస్తున్నాయి. ఆ పైపుల్లో ఎన్నిసార్లు మందు పోయించినా పోవట్లేదు."

సగం కేసు ఆ మాటలోనే ఉంది. మనవాళ్ళలో చాలామందికి ఈ పొరపాటు ఉంది. వంటింట్లో రాత్రి లైటు వేయగానే పొయ్యి కిందికి పరిగెత్తే చిన్న బొద్దింకలు, బాత్రూమ్ జాలీలోంచి వచ్చే పెద్ద బొద్దింకల పిల్లలు కావు. అవి వేరే జాతి. పెద్దది అమెరికన్ బొద్దింక. నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, ఎర్రటి గోధుమ రంగు, మ్యాన్‌హోళ్ళలో, డ్రైనేజీలో బతుకుతుంది, దారి తప్పినట్టు ఇంట్లోకొస్తుంది. చిన్నది జర్మన్ బొద్దింక. ఎంత పెరిగినా సెంటీమీటరున్నర దాటదు. తల వెనక మెడ మీద రెండు నల్లటి చారలు పక్కపక్కన, ఎవరో పెన్నుతో గీసినట్టు ఉంటాయి. దీనికి డ్రైనేజీతో పనిలేదు. మన పొయ్యి, మన ఫ్రిజ్, మన కబోర్డులే దానికి ఊరు. మనుషుల కట్టడాలు వదిలి బయట బతకడం దానికి దాదాపు చేతకాదు.

పేరు సంగతి కూడా చెప్పాలి. 1767లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ జర్మనీ పేరు పెట్టేశాడు గానీ దీని పుట్టిల్లు అది కాదు. రష్యాలో దీన్ని పాత జర్మన్ రాజ్యం పేరుమీద ప్రష్యా పురుగు అంటారు. ఎవరికి వాళ్ళు పక్క దేశం మీదికి నెట్టేశారన్న మాట. 2024లో వచ్చిన ఒక జన్యు పరిశోధనలో తేలిందేమిటంటే, సుమారు 2,100 ఏళ్ళ కిందట ఆసియా బొద్దింక అనే పొలం పురుగునుంచి ఇది విడిపోయింది, అది కూడా భారతదేశంలోనో మయన్మార్‌లోనో మనుషుల ఇళ్ళకు అలవాటుపడి. అంటే మన పక్కదే. ఈ సంగతి ఆ ఇంటి అత్తగారికి తర్వాత చెబితే, "అందుకేనా ఇంత చనువు" అన్నారు.

ఇక ఇల్లు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాట్. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులు, ఆరేళ్ళ బాబు, రిటైరైన టీచరు అత్తగారు. బాబుకి అప్పుడప్పుడు ఆయాసం వస్తుంది. హాల్లో ఒక అక్వేరియం, నీళ్ళున్నాయి గానీ చేపల్లేవు.

చేపలేమయ్యాయని అడిగాను. ఆర్నెల్ల కిందట ఒక కంపెనీ వాళ్ళొచ్చి ఇల్లంతా స్ప్రే కొట్టి వెళ్ళారు, మర్నాటికి నాలుగు గోల్డ్ ఫిష్‌లూ తేలాయి. ఇంట్లో వాడే పైరెథ్రాయిడ్ మందులు మనిషికి కాస్త తక్కువ ప్రమాదమే గానీ చేపలకి మహా విషం. తొట్టి మూసి, గాలి పంపు ఆపించి కొట్టాల్సింది. ఎవరూ చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

బొద్దింకలతో పడుతున్న ఎనిమిది నెలల్లో వాళ్ళు చేయనిది లేదు. రెండు కంపెనీలు మూడుసార్లు స్ప్రే కొట్టాయి. రోజూ రాత్రి పడుకునేముందు స్ప్రే డబ్బా వాడకం. వంటగట్టు చుట్టూ మందు సుద్దముక్కతో గీతలు. సింకులో కలరా ఉండలు. అత్తగారు కారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు తెప్పించి, గోధుమపిండి, పంచదార, ఉల్లిపాయ రసం కలిపి ఉండలు చేసి మూలమూలనా పెట్టారు. ఈ మొత్తంలో కాస్త బుర్రపెట్టి చేసిన పని ఆ ఉండలే. బోరిక్ పౌడరు నిజంగా పనిచేస్తుంది, పొడిగా ఉన్నంతకాలం, వాటి దారిలో ఉన్నంతకాలం. ఆవిడ పెట్టినవి గది మూలల్లో ఉన్నాయి. బొద్దింకలు కబోర్డుల లోపల ఉన్నాయి. పైగా చిన్నపిల్లాడున్న ఇంట్లో నేలమీద లడ్డూల్లాంటి ఉండలు పెట్టడం నాకు నచ్చలేదు, తీయించేశాను.

మొదటి చూపు

ఆగస్టు 27 ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకి వెళ్ళాను. పగలు వెళితే ఏమీ కనిపించదు. టార్చికి ఎర్ర జెలటిన్ కాగితం కట్టుకుంటాను, ఎర్ర వెలుతురుని అవి అంతగా పట్టించుకోవు. లైట్లన్నీ ఆర్పించి పావుగంట ఆగి వంటింట్లోకి అడుగుపెట్టాను.

ఫ్రిజ్ గోడకు ఆనించి ఉంది. దాని పక్క సందులో, "పనికొస్తాయి" అని దాచిన అట్టపెట్టెలు, మడతపెట్టిన ప్లాస్టిక్ కవర్ల మూట. తెలుగువాళ్ళ ఇంట్లో ఈ మూట లేని ఫ్రిజ్ నేను చూడలేదు, మా ఇంట్లోనూ ఉంది. ఫ్రిజ్ ప్లగ్ తీసి ముందుకు జరిపి, వెనక కింద కంప్రెసర్ మీది పలక నాలుగు స్క్రూలు విప్పాను. కాఫీపొడి చల్లినట్టు రెట్ట, పేలాల పొట్టులాంటి కుబుసాలు, ఖాళీ గుడ్ల తిత్తులు. కంప్రెసర్ వెచ్చదనం, కింద ట్రేలో కారిన నీళ్ళు, చీకటి, సన్నటి సందులు. వాటికి ఇంకేం కావాలి? పక్కన నిలబడ్డ భర్తగారు అది చూసి బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

అట్టపెట్టెల మడతల్లోనూ ఉన్నాయి. ఇల్లు మారినప్పటి పెట్టెలట అవి. ఈ జాతి ఇంటింటికీ వ్యాపించే మామూలు దారి అదే: అట్టపెట్టెలు, కిరాణా సంచులు, సెకండ్ హ్యాండ్ సామాన్లు. ఈ ఇంటికి ఫలానా పెట్టెలోనే వచ్చాయని చెప్పలేను గానీ నా అనుమానం వాటి మీదే.

పొయ్యి కింద కబోర్డు కీళ్ళలో కొన్ని, సింకు కింద కొన్ని, మిక్సీ అడుగున కొన్ని. వంటింటికి ఆనుకుని, హాలు వైపు తెరుచుకునే పూజా మందిరం ఉంది. చెక్కతో చేయించింది, లోపల పటాలు, ఎర్ర జీరో బల్బు. దాని ముందు చెప్పుల్లేకుండా నిలబడి బయటనుంచి టార్చి వేసి చూశాను. ఏమీ కనిపించలేదు. లోపల చెయ్యి పెట్టలేదు. అత్తగారు అక్కడే నిలబడి ఉన్నారు, ఆవిడ అడ్డుచెప్పలేదు, నేనే అడగలేదు. ఈ వాక్యం మీద మళ్ళీ వస్తాను.

ఆ రాత్రి జిగురు అట్టలు తొమ్మిది, నంబర్లు వేసి పెట్టాను. ఫ్రిజ్ దగ్గర మూడు, పొయ్యి కింద రెండు, సింకు కింద ఒకటి, పూజ గోడ వైపు సరుకుల అర కింద ఒకటి (దాని నంబరు 7), మిగతావి చిమ్నీ దగ్గర, డక్టు గొట్టం దగ్గర. అట్టలు బొద్దింకల్ని అంతం చేయడానికి కాదు, లెక్కకి. ఎక్కడ ఎన్ని, ఎంత వయసువి అన్నది అవే చెబుతాయి. రెండు రాత్రుల తర్వాత తీస్తే మొత్తం 118. ఫ్రిజ్ దగ్గరి మూడింట్లోనే 71.

ఎందుకు పోలేదు

ఈ బొద్దింక ఆడది గుడ్లను ఎక్కడో పెట్టి వదిలేయదు. తిత్తిని తోక చివర పట్టుకుని, పొదగడానికి రోజో రెండు రోజులో ఉందనగా దాకా మోస్తూనే తిరుగుతుంది. ఒక్కో తిత్తిలో 30 నుంచి 40 గుడ్లు. జీవితంలో అలాంటివి నాలుగు నుంచి ఎనిమిది. పిల్ల పెద్దదై తను గుడ్లు మోయడానికి రెండు నెలలు చాలు, మన వేడికి ఇంకా ముందే. మందు ఆ తిత్తి పెంకు దాటి లోపలికి పోదు. పైగా తిత్తి మోసే ఆడది పెద్దగా తిండికి బయటికి రాదు, కాబట్టి మొదటి విడతలో ఏ మందైనా దాన్ని అందుకోవడం కష్టం. ఒకసారి కొట్టించి "గ్యారంటీ" అనుకోవడం అందుకే కుదరదు.

స్ప్రే సంగతి వేరే. దశాబ్దాలుగా ఒకే రకం పైరెథ్రాయిడ్లు కొట్టీ కొట్టీ ఈ జాతి వాటికి బాగా తట్టుకుపోయింది. చావనివి ఏం చేస్తాయి? ఆ వాసనకు, ఆ మంటకు పక్కకు జరుగుతాయి. వంటింట్లో కొడితే హాల్లోకి, హాల్లో కొడితే పడగ్గదిలోకి. రోజూ రాత్రి స్ప్రే డబ్బా వాడే ఇంట్లో బొద్దింకలు తగ్గవు, పరుచుకుంటాయి. బట్టల బీరువాలో కూడా కనిపిస్తున్నాయని కోడలు చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఇంకొకటి, అందరూ "నీచు లేకుండా వండుకుంటాం, ఇల్లు అద్దంలా ఉంచుకుంటాం, మా ఇంట్లో ఎందుకు?" అంటారు. ఈ ఇల్లు నిజంగా శుభ్రంగానే ఉంది. బొద్దింకకి తిండి కంటే నీళ్ళు ముఖ్యం. నీళ్ళుంటే తిండి లేకుండా నెలదాకా లాగుతుంది, నీళ్ళు లేకపోతే రెండు వారాలే. ఫ్రిజ్ ట్రేలో నీళ్ళు, సింకు కింద చెమ్మ, రాత్రి నానబెట్టిన అంట్లు. అంతే చాలు.

ఆగస్టు 30: అసలు పని

ముందుగా వాళ్ళకి చెప్పింది: స్ప్రే డబ్బా, సుద్దముక్క, కలరా ఉండలు ఇంట్లోంచి బయటికి. ఒప్పించడానికి అరగంట పట్టింది. "మందు కొట్టడానికి పిలిస్తే మందు ఆపమంటాడేమిటి" అని భర్తగారు. జెల్ ఎర పెట్టబోతున్నాను, దాని చుట్టూ స్ప్రే వాసన ఉంటే బొద్దింక దగ్గరికే రాదు అని చెప్పాక సరేనన్నారు. పాత స్ప్రే అంటుకున్న చోట్లన్నీ సబ్బు నీళ్ళతో తుడిపించాను.

రెండో పని వాక్యూమ్. సన్న మూతి గొట్టంతో కంప్రెసర్ చుట్టూ, కీళ్ళలో, డ్రాయర్ల ఛానెల్స్ వెనక బతికున్నవాటినీ, రెట్టనీ, కుబుసాలనీ లాగేశాను. వాటి రెట్టలో "ఇక్కడే ఉందాం రండి" అని తోటివాటిని పిలిచే వాసన ఉంటుంది. ఆ దుమ్ము కొంతమందికి ఆయాసం రేపుతుందని కూడా తెలిసిన విషయమే. బాబు ఆయాసానికి కారణం ఇదేనని నేను అనలేదు, అది డాక్టరు చెప్పాల్సింది. కానీ ఆ పూట బాబుని వాళ్ళ అమ్మమ్మగారింటికి పంపించమన్నాను, తర్వాత తడిగుడ్డ పెట్టించాను. వాక్యూమ్ సంచిని సబ్బు నీళ్ళ బకెట్లో ముంచాకే పారేశాను. అట్టపెట్టెలు, కవర్ల మూట అదే రోజు కిందికి పోయాయి. అత్తగారు ఒక్క హార్లిక్స్ పెట్టె మాత్రం దాచుకోబోయారు, కోడలు పట్టుకుంది.

ఆ తర్వాతే జెల్. ఫిప్రోనిల్ అనే మందు 0.05 శాతం ఉన్నది. ఆవగింజకి కాస్త పెద్దగా, పెసరగింజకి కాస్త చిన్నగా చుక్కలు. పెద్ద ముద్దగా ఒకచోట పెట్టడం దండగ, ఎండిపోతుంది. చిన్న చుక్కలు ఎక్కువ చోట్ల, అవి ఉండే సందుకి జానెడు దూరంలోపు: కీళ్ళ లోపలి వైపు, ఛానెల్స్ వెనక, కంప్రెసర్ పక్కన ఇనప చట్రం మీద, మిక్సీ అడుగున. పిల్లాడి చెయ్యి, అంట్ల నీళ్ళు తగలని చోట్లు మాత్రమే. ఇల్లంతటికీ వాడింది ఇరవై గ్రాముల లోపు.

దీంట్లో నాకు నచ్చే సంగతి ఒకటుంది. ఎర తిన్న బొద్దింక అక్కడే చావదు, తన సందులోకి వెళ్ళి చస్తుంది. పిల్లలు బయటికి పెద్దగా రావు, పెద్దవాటి రెట్ట తింటాయి, చచ్చినవాటినీ తింటాయి. అలా మందు లోపలిదాకా చేరుతుంది. స్ప్రే బయట తిరిగేవాటిని తరుముతుంది, ఎర ఇంటికి మోసుకుపోబడుతుంది.

చివరగా సందులు. సింకు గొట్టం గోడలోకి వెళ్ళేచోట రెండు వేళ్ళు పట్టే కంత. అది డక్టులోకి, డక్టు పై ఫ్లాటుకీ కింది ఫ్లాటుకీ. వైట్ సిమెంటుతో పూడ్చాను. గట్టుకీ గోడకీ మధ్య చీలికలు సిలికాన్‌తో. పెరిగిన జర్మన్ బొద్దింక దూరాలంటే అయిదు మిల్లీమీటర్ల సందు చాలు, పిల్లకి అందులో మూడోవంతు సరిపోతుంది. కింది ఫ్లాటు వాళ్ళకి కూడా అట్టలు పెడదామని అసోసియేషన్ సెక్రటరీని అడిగించాం. "మా ఇంట్లో అలాంటివి లేవు" అన్నారు. మూడు అట్టలు ఊరికే పెట్టనివ్వండి అంటే పెట్టనిచ్చారు, రెండు రాత్రులకి 5 పడ్డాయి. ఆ ఇంట్లో కూడా జెల్ పెట్టాను. ఈ విషయం మూడోవాళ్ళకి చెప్పొద్దని రెండిళ్ళవాళ్ళూ నన్ను అడిగారు, విడివిడిగా.

లెక్క ఆగిపోయింది

సెప్టెంబరు 13న తొమ్మిది అట్టల్లో 34. నూట పద్దెనిమిది నుంచి ముప్పై నాలుగు. ఇంట్లోవాళ్ళు సంతోషపడ్డారు, నేనూ. మోస్తున్న తిత్తుల్లోంచి వచ్చే పిల్లల కోసం రెండో విడత జెల్ పెట్టాను.

వినాయక చవితి అయ్యాక, 20న, 31.

ఇక్కడ నాకు టెన్షన్ మొదలైంది. రెండో విడత తర్వాత బాగా పడిపోవాలి. ఈ జాతిలో కొన్ని గుంపులు ఎర రుచినే అసహ్యించుకుంటాయి. ఎరల్లో వేసే గ్లూకోజ్ వాటి నాలుకకి చేదుగా తగులుతుంది, అమెరికాలో 1990ల్లోనే ఇది బయటపడింది. వీళ్ళ ఇంట్లోవి అలాంటివేమో అనుకున్నాను. చదివింది మనసులో ఉంటే కళ్ళెదుట ఉన్నది కనిపించదు. ఫిప్రోనిల్ ఆపి వేరే మందు, వేరే పిండితో చేసిన ఇమిడాక్లోప్రిడ్ జెల్ పెట్టాను.

27న 33.

ఆ రాత్రి ఇంటికెళ్ళి నోట్‌బుక్ తీసి, చేయాల్సిన పని అప్పుడు చేశాను. నాలుగు లెక్కలూ అట్ట అట్టకీ విడగొట్టి పక్కపక్కన రాశాను. ఫ్రిజ్ దగ్గర 71 నుంచి 6, తర్వాత 3, తర్వాత 2. అక్కడ ఎర బ్రహ్మాండంగా పనిచేసింది. పొయ్యి, సింకు అన్నీ ఒకట్లలోకి వచ్చాయి. నంబరు 7 మాత్రం మొదట 4, తర్వాత 15, 19, చివరికి 24. అవి కూడా చాలావరకు చిన్న పిల్లలు, నువ్వుగింజ కంటే కాస్త పెద్దవి. అంత చిన్నవి పుట్టిన సందునుంచి దూరం పోవు. అంటే ఎర చేదు కాలేదు, ఎర పెట్టని చోట ఇంకో ఊరుంది. నెలరోజులుగా నేను చూస్తున్నది మొత్తం. మొత్తం తగ్గింది కాబట్టి సంతోషించాను, ఆగింది కాబట్టి కంగారుపడ్డాను. అట్టలకి నంబర్లు వేసిందే నేను, ఆ నంబర్లు చూడనిదీ నేనే.

నంబరు 7 ఉన్నది పూజ గోడకి.

పొద్దున్నే అత్తగారికే ఫోన్ చేశాను. "అమ్మా, మందిరంలో ఎప్పుడైనా కనిపిస్తున్నాయా?" కాసేపు మాట్లాడలేదు. "తెల్లవారుజామున దీపం పెట్టేటప్పుడు ఒకటీ రెండూ కనిపిస్తాయి బాబూ. దేవుడి దగ్గర కదా, చెప్పడానికి మనసొప్పలేదు. వచ్చినవాళ్ళెవరూ అడగనూ లేదు." ఆ చివరి ముక్క నాకే. మూడుసార్లు స్ప్రే కొట్టిన వాళ్ళు ఆ మందిరాన్ని వదిలేశారు, గౌరవంతోనే. నేనూ అంతే. వంటింట్లో నెలల తరబడి మందు కొడుతుంటే, మందు పడని ఒకే ఒక్క చోటుకి అవి చేరాయి. కలశం మీద పాకింది అక్కణ్ణుంచే. ఆ మాట మొదటి ఫోన్లోనే కోడలు చెప్పింది: "అమ్మవారి పటం వెనకనుంచి."

మందిరం దించడం

28న, 29న రెండు రాత్రులు మందిరం అడుగున రెండు అట్టలు పెట్టమంటే అత్తగారే పెట్టారు. 46 పడ్డాయి.

తీసి శుభ్రం చేయాలి అన్నాను. దసరాకి ఎలాగూ దులుపుకుంటాం, నవరాత్రులు అక్టోబరు 15న మొదలు, ఆలోపు చేయించేద్దాం అన్నారు ఆవిడ. అక్టోబరు 1 ఆదివారం. ఆవిడ స్నానం చేసి, పీట మీద పట్టుగుడ్డ పరిచి, విగ్రహాలూ పటాలూ ఒక్కొక్కటే తనే దించి ఇచ్చారు. నేను కాళ్ళూ చేతులూ కడుక్కుని పటాల్ని వెనక్కి తిప్పి చూశాను. ఫ్రేము వెనక వేసే అట్టకీ, పటానికీ మధ్య సందు. అందులో మెత్తగా కదులుతున్నాయి. పెద్ద పటాలు అయిదింటి వెనకా అంతే. జీరో బల్బు హోల్డరు చుట్టూ చెక్క కంత నిండా. ఇరవై నాలుగు గంటలూ వెలిగే బల్బు వెచ్చదనం, ఒలికిన నెయ్యి, నైవేద్యం పెట్టిన బెల్లం ముక్క, పంచపాత్రలో నీళ్ళు. ఫ్రిజ్ వెనక దొరికేవన్నీ ఇక్కడా ఉన్నాయి.

మందు చల్లలేదు. పటాల్ని బాల్కనీలోకి తీసుకెళ్ళి, వెనక అట్టలు విప్పి, వాక్యూమ్‌తో లాగి, కొత్త హార్డ్‌బోర్డు వేసి అంచులు గమ్ టేపుతో మూశాం. ఫ్రేములు కట్టే మనిషిని ఆవిడ ముందే పిలిపించి ఉంచారు. మందిరం చెక్క కీళ్ళలో, హోల్డరు వెనక, అడుగు పలక కింద జెల్ చుక్కలు, దేవుడి సామాను తగలని చోట. హోల్డరు తీసేసి చిన్న ఎల్‌ఈడీ పెట్టించాం, అది అంత వేడెక్కదు. రాత్రిపూట నైవేద్యం, నీళ్ళు లోపల ఉంచకుండా తీసేయమన్నాను. "ప్రసాదం మనం తినడానికేగా, వాటికి కాదుగా" అన్నారావిడ.

అక్టోబరు 14, మహాలయ అమావాస్య నాడు పదకొండు అట్టల్లో 7. అన్నీ పెద్దవే, పిల్లలు లేవు. దీపావళి ముందురోజు, నవంబరు 11న, ఒక్కటి. బట్టల బీరువాలో సెప్టెంబరు తర్వాత ఏమీ కనిపించలేదట.

మొత్తం ఖర్చులో జెల్ వాటా చాలా తక్కువ. డబ్బు నా గంటలకీ, వైట్ సిమెంటుకీ, సిలికాన్‌కీ, పటాల ఫ్రేములకీ అయింది. ముందు ఎనిమిది నెలల్లో వాళ్ళు స్ప్రేల మీద పెట్టినది దీనికి రెట్టింపు దాటింది. నేను మొదటి రాత్రే మందిరం చూపించమని అడిగి ఉంటే నెలరోజులు, మూడు రాకపోకలు మిగిలేవి. ఆ మూడు రాకపోకలకీ డబ్బు తీసుకోలేదు. ఇప్పుడు నా తనిఖీ కాగితంలో వంటగది తర్వాతి గడి "పూజ" అని ఉంది. ఇంట్లో పెద్దవాళ్ళను విడిగా అడగాలి అని దాని పక్కనే రాసుకున్నాను. కోడలికి తెలియనివి అత్తగారికి, భర్తకి తెలియనివి పనమ్మాయికి తెలిసి ఉంటాయి.

ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్ళకి ఒకటి రెండు జాగ్రత్తలు. జెల్ ట్యూబులు బజార్లో దొరుకుతాయి, వాడొచ్చు. లేబుల్ చదవండి, చుక్క చిన్నదిగా పెట్టండి, ఆ చుట్టుపక్కల స్ప్రే కొట్టకండి. లేబుల్ లేని సీసాలో "స్ట్రాంగ్ మందు" అని ఎవరైనా అమ్మితే కొనకండి. డైక్లోర్వాస్‌ని మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి నిషేధించారు, అయినా పాత సరుకు పేరుతో అడిగేవాళ్ళున్నారు. మనిషిని పిలిస్తే, కీటకనాశనుల చట్టం కింద లైసెన్సు ఉందా అని అడగండి. అడిగితే తప్పుగా అనుకోం.

చివరిసారి డిసెంబరు 30న వెళ్ళాను. పదకొండు అట్టల్లో బొద్దింకలు సున్నా. నంబరు 7 మీద మాత్రం ఒక బల్లి అతుక్కుని ఉంది, ప్రాణంతో. అత్తగారు బెదిరిపోయారు. అట్టకి కొబ్బరినూనె చుక్కలు చుక్కలుగా వేస్తూ, కాలు తర్వాత కాలు విడిపించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బాల్కనీ గోడ మీద వదిలితే కాసేపు కదల్లేదు, తర్వాత మెల్లగా పైకి పాకింది. "వెళ్ళింది" అని బాబు అరిచాడు. అట్టలన్నీ తీసేసి సంచిలో వేసుకుంటుంటే, అక్వేరియంలో మళ్ళీ చేపలు వేసుకోవచ్చా అని అడిగాడు. వేసుకో అన్నాను.